పాలు పొంగని పొయ్యి

"ఈ పొయ్యి మీద పాలు పొంగుతాయా?" అని మా అత్తయ్య అడిగినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

అడిగింది నన్ను కాదు, ఆ ఫ్లాట్ చూపిస్తున్న ఏజెంట్ అమ్మాయిని. అంతకుముందు వంటింటి అరలన్నీ తీసి మూశారు, కుళాయి తిప్పి చూశారు, నల్లటి గాజుపలకలా ఉన్న కరెంటు పొయ్యిని అరచేత్తో నిమిరారు. తర్వాత తనకు వచ్చిన ఇంగ్లిష్‌లో అడిగారు: "దిస్ వన్, మిల్క్ ఫుల్ బాయిల్, ఔట్‌సైడ్ కమింగ్, కెన్?"

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారా అని పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్నట్టుంది.

"కెనాట్, ఆంటీ! వెరీ సేఫ్ వన్. మిల్క్ కమ్ అప్ ఓన్లీ, స్టవ్ ఆటో ఆఫ్. యు ఫర్‌గెట్ ఆల్సో నెవర్ మైండ్."

అత్తయ్య సంతోషించలేదు. "పొంగకపోతే ఎట్లా మరి?" అని తెలుగులో తనలో తాను అనుకున్నారు. పక్కనే ఉన్న నాకు వినిపించింది. చంకలో ఉన్న బాబును ఎందుకో గట్టిగా పట్టుకున్నాను.

ఇళ్ళు చూడటానికి వెళ్ళడం మాకు కొత్త కాదు. మామయ్య బతికున్న రోజుల నుంచీ, ఆదివారం మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట కొత్తగా కడుతున్న కాండో అపార్ట్‌మెంట్లకు వెళ్ళి నమూనా ఫ్లాట్ చూసి రావడం ఈ ఇంట్లో అలవాటు. కొనడానికి కాదు. అక్కడ ఏసీ ఉంటుంది, కాఫీ ఇస్తారు, పిల్లలకు బెలూన్లు ఇస్తారు. పెళ్ళై ఈ దేశానికి, బిషాన్‌లోని ఈ ఫ్లాట్‌కు వచ్చిన మొదటి ఆదివారం "ఇల్లు చూడటానికి వెళ్దాం, తయారవమ్మాయ్" అన్నారు మామయ్య. ఎవరో చుట్టాల గృహప్రవేశం కాబోలనుకుని పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చాను. నన్ను చూసి అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మామయ్య మాత్రం "మార్చుకోవద్దులే. నిజంగా కొనేవాళ్ళం అనుకుంటారు" అన్నారు. ఆ రోజు మాకు కాఫీతో పాటు కేకు కూడా ఇచ్చారు.

అలా నేను చూసిన ఇళ్ళకు లెక్కలేదు. ప్రతి ఇంటి మీదా అత్తయ్య తీర్పు ఉండేది. "బట్టలెక్కడ ఆరేస్తారమ్మా వీళ్ళు, నెత్తిమీదా?" అనేవారు. "ఈ వంటింట్లో పోపు వేస్తే పడగ్గదిలో తుమ్ములొస్తాయి" అనేవారు. స్నానాలగదికి గాజు గోడ ఉన్న ఒక ఇంట్లోనైతే ఆవిడ ఏజెంట్‌ను ఏమీ అడగకుండా బయటికి వచ్చేసి, లిఫ్టులో తలుపులు మూసుకున్నాక నవ్వడం మొదలుపెట్టి, ట్రైన్ ఎక్కేదాకా ఆపలేకపోయారు.

కానీ పాలు పొంగుతాయా అని ఎప్పుడూ అడగలేదు. కాపురం పెట్టదలుచుకోని ఇంట్లో పాల సంగతి ఎవరడుగుతారు?

ఆ కాండో మామూలుది కాదు. ఈ ద్వీపదేశానికి తూర్పు కొసన, నేను ఉద్యోగం చేసే చాంగీ బిజినెస్ పార్క్ దాటాక, రెండంతస్తుల ఇళ్ళ మధ్య నిశ్శబ్దంగా ఉంది. అరవై దాటినవాళ్ళ కోసం కట్టింది. మెట్లు లేవు, అన్నీ వాలుదారులే. కింద క్లినిక్, చిన్న చెరువు, చెరువు చుట్టూ పట్టుకుని నడవడానికి కమ్మీ. స్నానాలగదిలో ఎర్రటి తాడు ఒకటి వేలాడుతుంటుంది, పడిపోతే లాగడానికి. మా బాబు దాన్ని గంట అనుకుని లాగాడు. నిమిషంలో ఇద్దరు మనుషులు చక్రాల కుర్చీతో పరుగెత్తుకొచ్చారు. వాళ్ళకు సారీ చెప్పలేక నేను చస్తుంటే, అత్తయ్య మాత్రం "పర్లేదు, బాగానే వస్తున్నారు" అన్నారు, బజార్లో కొబ్బరికాయ ఆడించి చూసినట్టు.

తిరుగు ప్రయాణంలో పాయా లేబర్‌లో ట్రైన్ మారాం. ఇలాంటప్పుడు బాబుకు నానమ్మ ఆ ఇంటి బ్రోషర్‌తో కాగితప్పడవ చేసి ఇస్తుంది. దళసరి కాగితం కాబట్టి పడవ చాలా రోజులు ఉంటుంది. వాడు చెయ్యి చాపాడు.

"ఇది కాదు నాన్నా," అన్నారు అత్తయ్య, బ్రోషర్‌ను నలగకుండా సంచిలో పెట్టుకుంటూ. "ఇది నాకు కావాలి."

నేను కిటికీలోకి చూస్తూ కూర్చున్నాను. సొరంగంలో కిటికీలో కనిపించేది మన ముఖమే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ చెప్పేశారు. ముప్ఫై ఏళ్ళ లీజుకు ఇస్తారట, మామయ్య ముందుచూపుతో దాచి ఉంచింది సరిపోతుందట, నచ్చిందట.

మా ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "నువ్వు ఓల్డేజ్ హోమ్‌కి వెళ్ళడమేంటమ్మా?"

"హోమ్ కాదురా. కాండో. స్విమ్మింగ్ పూల్ ఉంది."

"నీకు ఈత రాదు."

"మీ నాన్నకు డాన్సు రాదు. అయినా క్లబ్బులో మెంబరయ్యాడు."

పాప నవ్వింది. ఎనిమిదేళ్ళ పిల్ల. "నానమ్మా, అక్కడ యూ విల్ స్టే అలోనా?" అంది. పెరుగు వడ్డించుకుని తినేశాం.

తర్వాతి రోజులు నేను ఎలా గడిపానో నాకే సరిగా గుర్తులేదు. ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని, నేను అన్న మాటలన్నీ వెనక్కి తిప్పుకుని వినేదాన్ని. పిల్లలకు అన్ని తీపి పెట్టకండి అని ఎన్నిసార్లు అన్నాను, ఏ గొంతుతో అన్నాను? వాన పడుతుంటే వాళ్ళను పార్కుకు తీసుకెళ్ళారని ఒకసారి ముఖం మాడ్చుకున్నాను కదా, అదా? భయస్తురాలినని నాకు తెలుసు. బాబు దగ్గితే రాత్రంతా వాడి ఊపిరి లెక్కపెట్టే మనిషిని. నా భయాలన్నిటికీ మధ్యలో ఒక మనిషి ప్రశాంతంగా పప్పు తాలింపు వేస్తూ తిరుగుతుంటే నేను నిలబడ్డాను. పాప పుట్టినప్పుడు, అది పాలు పట్టక ఏడుస్తుంటే, నేనూ దానితో పాటు ఏడుస్తుంటే, ఆవిడ ఇద్దరినీ చూసి "ముందు పెద్దదానికి పెడదాం" అని నాకు వేడి అన్నంలో కరివేపాకు కారం కలిపి ముద్దలు పెట్టారు. బాబు ఇప్పటికీ ఆవిడ అరచెయ్యి వీపు మీద ఉంటే తప్ప నిద్రపోడు. ఆ మనిషి వెళ్ళిపోతానంటోంది.

నలుగురూ ఏమంటారో కూడా తెలుసు. నలుగురి దాకా ఎందుకు, మా అమ్మే ఫోన్‌లో గొంతు తగ్గించి అడిగింది.

"ఏమన్నావే ఆవిడ్ని?"

"నేనేమీ అనలేదమ్మా."

"ఏమీ అనకుండానే వెళ్తుందా? పోనీ, అనకుండా ఏం చేశావ్?"

ఇక ఆగలేక ఒక శనివారం పొద్దున్న, ఆవిడ వంటింటి బల్ల దగ్గర గోంగూర ఒలుస్తుంటే, నేనూ ఒక కట్ట ముందుకు లాక్కుని కూర్చున్నాను.

"అత్తయ్యా, నావల్ల ఏమైనా..."

"ముదురాకులు కలపకు," అన్నారు ఆవిడ. "నీ వల్లయితే నీ మొహమ్మీదే చెప్పేదాన్ని. నేను తెనాలిదాన్ని, మూతి ముడుచుకుని సామాను సర్దుకునే రకం కాదు."

"మరెందుకు?"

ఆవిడ తలుపు వైపు చూపించారు. మా బ్లాకులో లిఫ్టు ముందు నాలుగు తలుపులు. నాలుగూ ఎప్పుడూ మూసే ఉంటాయి. "పొద్దున్న మీరంతా వెళ్ళిపోతారు. పిల్లలు వచ్చేదాకా ఆ తలుపు కొట్టేది పార్సెళ్ళవాడొక్కడే. వాడు కూడా పెట్టేసి పారిపోతున్నాడు ఈమధ్య. నేను తలుపు తీసేసరికి లిఫ్టు కిందికి పోతుంటుంది." ఇంకో కట్ట విప్పుతూ అన్నారు, "అక్కడ ఖాలా కూడా తీసుకుంటానంటోంది. పక్కపక్కనే."

ఖాలా అంటే ఆవిడ స్నేహితురాలు, హైదరాబాదావిడ. మా ఆయన చిన్నప్పటి నుంచీ, ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు, ఖాలా అనే పిలుస్తాడు, అతన్ని చూసి మేమంతా అలాగే అంటాం. అత్తయ్య ఆవిడను వదినా అంటారు, ఆవిడ అత్తయ్యను భాభీ అంటారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరూ ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఏ భాషలో మాట్లాడుకుంటారో తెలియదు. వాళ్ళాయన కూడా పోయారు. పాయా లేబర్ దగ్గర కొడుకు ఇంట్లో ఉంటున్నారు. ఆ ఇంట్లోనూ పగలంతా ఎవరూ ఉండరు.

గోంగూర ఒలుస్తూ ఆ రోజు అత్తయ్య నాకు మొదటిసారి అంతా చెప్పారు. ఆవిడ ఈ దేశం వచ్చినప్పుడు సొంత ఇల్లు లేదు. ఒక పాత ఫ్లాట్‌లో ఒకే ఒక్క గది అద్దెకు దొరికింది. ఇంటి ఓనరమ్మ పెట్టిన షరతు ఒకటే: వంట చేయకూడదు. రైస్ కుక్కర్ ఒకటి పెట్టుకుంటే పెట్టుకోండి, అంతకు మించి వద్దు అంది. మామయ్యకు షిప్‌యార్డులో షిఫ్టు. కొత్త గదిలో పాలు పొంగించకుండా ఎలా అడుగుపెట్టాలి? అత్తయ్య రైస్ కుక్కర్‌లోనే పాలు పోసి స్విచ్ వేసి, దేవుడి పటానికి మేకు ఎక్కడ కొట్టాలా అని గోడ చూస్తూ నిలబడ్డారట. మళ్ళీ చూసేసరికి పాలు కుక్కర్ దాటి, నేల దాటి, తలుపు కింద నుంచి వరండాలోకి వెళ్ళిపోయాయి.

"తలుపు తీస్తే ఎదురుగా పక్క గదిలో అద్దెకుండే ఒకావిడ, చేతిలో తడిగుడ్డ. తెల్లగా ఇంత పొడుగు మనిషి. 'క్యా అమ్మా, పాల దుకాణం పెట్టిన్రా?' అంది. తెలుగు! నాకు ఏడుపొచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచీ మీ మామయ్య నోట తప్ప తెలుగు మాట వినలేదు మరి. పాలు తుడవడం మానేసి ఇద్దరం అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం. ఓనరమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టింది."

తర్వాత ఇద్దరికీ అదే బ్లాకులో, ఒకే వరండాలో పక్కపక్కన ఫ్లాట్లు దొరికాయి. మా ఆయన పుట్టింది అక్కడే. తలుపులు పొద్దున్న తీస్తే రాత్రి దాకా తీసే ఉండేవట. ఒక ఇంట్లో సాంబారు నచ్చకపోతే పిల్లలు పళ్ళెం పట్టుకుని రెండో ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. రంజాన్ నెలలో సాయంత్రం ఖాలా వంటకు చెయ్యి సాయం అత్తయ్యది. దీపావళికి పిల్లల కొత్తబట్టలకు కాజాలు కుట్టేది ఖాలా. ఆ బ్లాకు తర్వాత కొట్టేశారు. వీళ్ళు బిషాన్ వచ్చారు, వాళ్ళు ఇంకో వైపు వెళ్ళారు. అంతే. గొడవ లేదు, విడిపోవడం లేదు. ట్రైన్ ఎక్కాల్సినంత దూరమైంది.

"అలా తలుపు తీసుకుని కూర్చోవాలనుంది," అన్నారు అత్తయ్య, కాడలు కాగితంలో చుడుతూ. "అంతకంటే ఇంకేం లేదు."

అర్థమైంది. కానీ అర్థమైనంత మాత్రాన నాకు భయం తగ్గలేదు. బాబు వీపు మీద ఆ చెయ్యి లేకపోతే? పాప బడి నుంచి వచ్చి తలుపు తీస్తే ఇంట్లో ఎవరూ లేకపోతే? ఆ ఎర్ర తాడు, చెరువు దగ్గరి దోమలు, డెంగీ, ఆంబులెన్స్ వచ్చేసరికి ఎంతసేపు పడుతుంది? ఈసారి వాళ్ళు ఇల్లు ఖాయం చేసుకోవడానికి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను, పిల్లలను మా ఆయనకు వదిలేసి. సాయంగా వెళ్ళానని అందరూ అనుకున్నారు. నేను వెళ్ళింది వంక వెతకడానికి.

మూడో అంతస్తులో పక్కపక్కన రెండు ఫ్లాట్లు. రెండింటి తలుపులూ తూర్పుకే. ఒకటి అద్దంలో రెండోదాని బొమ్మలా ఉంటుంది. ఇటువైపుది నాకు, అటువైపుది నీకు అని ఇద్దరూ ఫోన్‌లోనే పంచేసుకున్నారట. అత్తయ్య తనదనుకున్న ఫ్లాట్‌లో గదిగదీ తిరిగారు. మంచం ఇక్కడ, కుర్చీ తలుపు పక్కన, దేవుడు ఆ మూల. గొంతులో ఒక హుషారు. నేను ఎప్పుడూ వినలేదు ఆ గొంతు. నాకంటే చిన్నదెవరో ఆవిడలోంచి మాట్లాడుతున్నట్టుంది.

నేను ఫోన్‌లో దిక్సూచి తీశాను. తలుపు దగ్గర నిలబడి చూశాను, మళ్ళీ చూశాను. నా అదృష్టం పండింది.

"అత్తయ్యా! బాత్రూమ్ ఈశాన్యంలో ఉంది."

ఆవిడ ఆగిపోయారు. "సరిగా చూశావా?"

"ఇదుగో, మీరే చూడండి. సరిగ్గా ఈశాన్యం మూల."

ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో ఆవిడ ఒక్క పూట కూడా ఉండరు. అది ఎరిగే చెప్పాను. ఆ ముఖంలో దీపం తగ్గించినట్టయింది. గోడకు చెయ్యి ఆనించి, "ఇంత మంచి ఇంట్లో దరిద్రపు వాళ్ళకు ఆ మూలే దొరికిందా" అన్నారు మెల్లగా. నేను గెలిచాను. గెలిస్తే ఇలా ఉంటుందని అనుకోలేదు. ఫోన్ దాచేసుకుందామనిపించింది.

పక్క ఫ్లాట్ చూసుకుంటున్న ఖాలా అప్పుడు వచ్చారు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని.

"ఏమైంది భాభీ, ఎవరన్నా సచ్చిన్రా?"

"ఈశాన్యంలో బాత్రూమ్ వదినా."

"అట్లనా? మరి నా దాన్ల ఏడుంది?"

నేను చెప్పక తప్పలేదు. రెండోది అద్దంలో బొమ్మ కదా. దాంట్లో బాత్రూమ్ ఆగ్నేయానికి వెళ్ళిపోతుంది.

"అది ఫర్వాలేదా మీకు?" అన్నారు ఖాలా.

"ఈశాన్యమంత కాదు," అన్నారు అత్తయ్య. "సర్దుకోవచ్చు."

"అయితే నాది నువ్వు తీస్కో, నీది నాకియ్యి. మా దిక్కు పడమర, మాకు ఈశాన్యంతోని ఏం పంచాయితీ?" అని ఖాలా అక్కడికక్కడే పడమటి గోడ వైపు తిరిగి చూసుకున్నారు. ఆ గోడకు ఏమీ లేదు, పెద్ద కిటికీ, కిటికీలో చెట్లు. "బల్కే ఇంకా మంచిగుంది. నమాజుకు ఎంత జాగా! దీనికి గింత మొహం ఎందుకు మాడ్చినవ్, భాభీ? నీ కోడలు దిక్సూచి పట్టుకొచ్చి మన ఇద్దరికీ మంచి జేసింది."

అని నా వైపు చూశారు. నేను ఎందుకు దిక్సూచి తీశానో ఆవిడకు తెలుసని ఆ చూపు చూస్తే నాకు అనిపించింది. కానీ ఆవిడ నా బుగ్గ గిల్లి, "ఎండిపోయినవ్ బేటా, తింటలేవా?" అన్నారంతే. ఏజెంట్ అమ్మాయి ఏమీ అర్థంకాక ఇద్దరు ఆంటీలూ ఒకరి ఫ్లాట్ ఒకరు ఎందుకు మార్చుకున్నారని నన్ను అడిగింది. వన్ ఆంటీ నార్త్ఈస్ట్, వన్ ఆంటీ వెస్ట్ అని చెప్పాను. "ఓ, ఫెంగ్‌షుయ్," అంది తృప్తిగా.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఇంకా ఒప్పుకోడేమో, ఆఖరి అడ్డం తనే వేస్తాడేమో అని లోపల ఎక్కడో ఆశ. అతను అంతా విని, "పక్కపక్కనేనా? రెండు తలుపులూ తెరిచి పెడతారా?" అన్నాడు. లేచి బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు బట్టలు మడతపెట్టాడు. అతను ఎప్పుడూ బట్టలు మడతపెట్టడు.

పాలు పొంగించే రోజు పొద్దున్నే వెళ్ళాం. అత్తయ్య కొత్త చీర, మామయ్య పటం, దేవుడి పటాలు, పసుపు కుంకుమలు, ఇత్తడి గిన్నె. ఇత్తడి గిన్నె ఆ పొయ్యికి పనికిరాలేదు, అసలు వెలగనేలేదు. స్టీలు గిన్నె పెట్టాం. అంచు దాకా పోస్తే ముందే పొంగుతాయని మా ఆయన లెక్క. పాలు మీగడ కట్టి, ఉబ్బి, పైకి లేచి, ఇక వస్తున్నాయి అని అందరం చేతులు జోడించగానే పొయ్యి కీ కీమని అరిచి ఆరిపోయింది. పాలు వెనక్కి దిగిపోయాయి. మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే. మూడోసారి పిల్లలు పొయ్యితో పాటు తామూ కీ కీ అని అరవడం మొదలుపెట్టారు.

"స్టవ్ ఈజ్ సో స్కేర్డీ," అంది పాప. "జస్ట్ లైక్ అమ్మ."

అత్తయ్య నవ్వలేదు. చేతులు జోడించుకునే ఉన్నారు. పాలు పొంగకుండా ఆ రాత్రి ఇక్కడ పడుకోరని మా అందరికీ తెలుసు. నాకు ఆశ పుట్టాల్సిన చోటది. పుట్టలేదు. దించని ఆ చేతులు చూస్తుంటే, పొంగండమ్మా, పొంగండి అని నేనే మనసులో పాలను బతిమాలుతున్నాను.

"ఖాలా!" అని కేక వేశాను, తెరిచి ఉన్న తలుపులోంచి, పక్కింటికి. "ఖాలా, మీ దగ్గర రైస్ కుక్కర్ ఉందా?"

అటునుంచి పెద్ద నవ్వు. ఖాలా కుక్కర్ చంకలో పెట్టుకుని, వైరు నేలమీద ఈడ్చుకుంటూ వచ్చారు. రెండో చేతిలో తడిగుడ్డ.

"ఈసారి గుడ్డ ముందే తెచ్చిన భాభీ."

పాలు పోసి, మూత తీసేసి, స్విచ్ వేశాం. దానికి ఏ సెన్సరూ లేదు. కాసేపటికి అంచుల్లో నురగ, తర్వాత ఒక్కసారిగా తెల్లగా పొంగి, కుక్కర్ చుట్టూ దిగి, బల్ల మీద పారి, నేలకు కారాయి. బాబు గంతులేశాడు. అత్తయ్య ఇప్పుడు నవ్వారు. ఇద్దరూ ఒకే గుడ్డతో నేల తుడుస్తూ, ఆ ఓనరమ్మ తిట్టిన తిట్లు ఆవిడ గొంతుతోనే ఒకరికొకరు అప్పజెప్పుకుంటుంటే మా ఆయన గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. అడుగంటిన పాలతోనే పరమాన్నం చేశారు. కొంచెం మాడు వాసన. అందరం రెండుసార్లు వేయించుకున్నాం.

సాయంత్రం బయలుదేరాం. అత్తయ్య తలుపు దాకా వచ్చారు. పిల్లల చెప్పులు తిన్నగా పెట్టారు. అప్పుడు, మామూలుగా అడిగారు:

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఆ మాట ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎక్కడుంది, ఒకే ఇంట్లో ఉంటూ? కానీ ఆ మాట నాకు బాగా తెలుసు. గుంటూరులో సైకిల్ షాపు మీద మేడలో మా అమ్మమ్మ ఉండేది. సెలవులకు వెళ్ళేవాళ్ళం. మెట్ల దగ్గర ట్యూబులకు పంక్చర్ వేసే వాసన. షాపతను మాకు గంట సైకిలు అద్దె లేకుండా ఇచ్చేవాడు. ఇంట్లో మాకు దొరకని కాఫీ అమ్మమ్మ చిన్న గ్లాసులో పోసి, "మీ అమ్మకు చెప్పకండి" అనేది. అమ్మ ఎదురుగానే కూర్చుని ఉండేది. అక్కడ అమ్మ కోప్పడేది కాదు. అక్కడ అమ్మ కూడా ఒక పిల్ల. తిరిగి వచ్చేరోజు అమ్మమ్మ పై మెట్టు మీద నిలబడి అడిగేది, "మళ్ళీ ఎప్పుడొస్తారే?" అని. "దసరాకి!" అని మేం కింది మెట్టు నుంచి అరిచేవాళ్ళం.

ఎప్పుడో పాప బడి నుంచి వచ్చి చెప్పిన మాట ట్రైన్‌లో గుర్తొచ్చింది. "క్లాస్‌లో అందరూ హాలిడేస్‌కి గ్రాండ్‌మా హౌస్ వెళ్తారంట అమ్మా. మై గ్రాండ్‌మా ఇన్ మై హౌస్. సో నో నీడ్ గో, లా." అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

ఇది రాస్తున్నది మా ఇంట్లో అత్తయ్య ఖాళీ చేసిన గదిలో కూర్చుని. పిల్లలు నిద్రపోయారు. ఇప్పటికి బాబు తన వీపు మీద నా చెయ్యి ఒప్పుకుంటున్నాడు, "నానమ్మ చెయ్యి బరువుగా ఉంటుంది" అని రోజూ వంక పెడుతూనే. అల్మారాలో ఇంకా ఆవిడ వాడే పౌడరు వాసన ఉంది. భయం పోయిందని చెప్పను. మధ్యాహ్నం ఆఫీసు నుంచి బస్సెక్కి అక్కడికి వెళ్తే, రెండు తలుపుల మధ్య వరండాలో రెండు కుర్చీలు కనిపిస్తాయి. ఎదురింటి చైనీస్ ఆంటీ కూడా తన కుర్చీ తెచ్చుకోవడం మొదలుపెట్టింది. "ఇంత ఎండలో ఎందుకొచ్చావ్" అంటూనే అత్తయ్య కంచం పెడతారు. తిని నేను మళ్ళీ ఆఫీసుకు పోతాను.

కానీ చెప్పాలనుకున్నది పాలు పొంగించిన మర్నాటి పొద్దుటి సంగతి. బాబు లేచి, దిండు ఈడ్చుకుంటూ తిన్నగా ఈ గదికే వచ్చాడు. పరుపు మీద దుప్పటి కూడా లేదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. వాడి వెనక పాప. వాడి ముఖం ముడుచుకుంటోంది, ఏడుపుకు ఇంకో క్షణమే ఉంది.

"షీ కమింగ్ బ్యాక్ ఆర్ నాట్?" అంది పాప.

నేను నేల మీద కూర్చుని ఇద్దరినీ దగ్గరికి లాక్కున్నాను.

"రాదు," అన్నాను. "మనమే వెళ్తాం. బళ్ళు మూశాక మీ ఇద్దరూ అక్కడే పడుకుంటారు, అమ్మానాన్నా లేకుండా. మీ బట్టలు మీరే సర్దుకోవాలి. అక్కడ నానమ్మ ఏం పెడితే అది తినండి, ఎంత తీపి పెట్టినా సరే, నాకు చెప్పక్కర్లేదు. ఆ ఎర్ర తాడు మాత్రం లాగకండి. వెళ్ళగానే తలుపు తీసుందని లోపలికి పరిగెత్తకండి. గుమ్మం దగ్గర ఆగి పిలవండి. ఎవరూ అని అడుగుతుంది. చుట్టాలం వచ్చాం అని చెప్పండి."